ఆ కొట్టాయి తీవెయ్

వకీలు మేజా మీద పెట్టిన ఫోనులోంచి ఒక ఆడగొంతు వచ్చింది. కయ్యానికి కాలు దువ్వుతున్న గొంతు. ఎవరిదమ్మా ఈ నోరు అనుకుంది పంకజం. రెండో మాటకి అది తనదేనని తెలిసి పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“చెప్పీ చెప్పీ నోరు నొచ్చిపోయె. ఇంక ఎవురికీ చెప్పేది లేదు. ఆ కొట్టాయి తీవెయ్. అంతే.”

ఇది మీరు చెప్పిందేనా అని వకీలు నివేదిత తమిళంలో అడిగింది. నేనే చెప్పినానంది పంకజం. దాచుకోవాల్సిన మాట అందులో ఆమెకి ఏమీ కనబడలేదు. పుదుచ్చేరి పక్క విల్లియనూరులో తన పిండి మిల్లు వాకిలికి అడ్డంగా తాటాకులతో వేసిన పందిరి, ఆ కొట్టాయి. ఎండాకాలంలో జనానికి మంచినీళ్ళు పోస్తానని వార్డు పెద్దమనిషి చెంగల్రాయన్ వేయించాడు. ఎండలు పోయాయి, కుండలు పోయాయి, చెంగల్రాయన్ బొమ్మ ఉన్న బ్యానరూ దాని కింద పేకాట రాయుళ్ళూ మాత్రం మిగిలారు. మిరపకాయల డబ్బా చంకన పెట్టుకుని మిల్లుకొచ్చే ఆడపిల్లల వెనక ఈలలు మొదలయ్యాయి. ఆఫీసుల చుట్టూ తిరిగింది, చెంగల్రాయన్ ఇంటికీ వెళ్ళింది. ఒక సాయంత్రం కీర్తిక అనే కాలేజీ పిల్ల పిండి డబ్బా అక్కడే పారేసి ఏడుస్తూ పోయాక, పంకజం ఫోను తీసి చుట్టాల గ్రూపులో ఆ నాలుగు ముక్కలూ అంది. తర్వాత ఒకరోజు గడిచింది. ఆ మర్నాడు రాత్రి కొట్టాయి తగలబడింది. తగలబెట్టించింది పంకజమేనని పోలీసులు కేసు పెట్టారు.

నివేదిత ఒక కాగితం తిప్పి ఆమె ముందుకి జరిపింది. పోలీసులు పంకజం మాటల్ని తమిళ అక్షరాల్లో రాశారు. చివరి మాట దగ్గర వేలు పెట్టి చూపించింది. దాన్ని రెండుగా విడగొట్టారు. తీ. వై. తమిళ బడిలో చదివిన పంకజం ఆ రెంటి మధ్య ఉన్న ఖాళీని చూసింది. తమిళంలో తీ అంటే నిప్పు, వై అంటే పెట్టు.

ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కుర్చీ చేతులు పట్టుకుంది. కంగారులో తమిళం కూడా రాలేదు.

“తీవెయ్ అంటే తీసిపారెయ్ అని తల్లీ. మా ఇంట్లో అన్నిటికీ అదే మాట. ఎంగిలి కంచం తీవెయ్, మంచం తీవెయ్, వాకిట్లో చెప్పులు తీవెయ్. దీంట్లో నిప్పు యాడ నుంచి వచ్చింది?”

పక్కన కూర్చున్న అరవిందన్ అది తమిళంలో వకీలుకి చెప్పాలి. అతను పంకజం తమ్ముడి కొడుకు. తల్లి తమిళమ్మాయి, పెరిగింది చెన్నైలో. రెండేళ్ళ కింద మేనత్త మిల్లులో పనికొచ్చాక తెలుగు అర్థం చేసుకోవడం నేర్చాడు గానీ, జవాబు ఎక్కువగా తమిళంలోనే చెబుతాడు. ఇప్పుడు తమిళంలో చెప్పకుండా అత్త వైపే చూశాడు.

“తీవెయ్ అంటే... తీసెయ్యడమేనా అత్తా?”

వకీలమ్మకి తెలియాలని అడుగుతున్నాడనుకుని పంకజం గట్టిగా తలాడించింది. అతని చేతిలోని కాఫీ గ్లాసు వంగి వేడి కాఫీ మోకాలి మీద పడింది. తుడుచుకోలేదు. కాసేపటికి లేచి బయటికెళ్ళి, మొహం కడుక్కుని వచ్చాడు. పావం, నాకేమవుతుందోనని హడలిపోతున్నాడు అనుకుంది పంకజం. ఆ రాత్రి కొట్టాయిలో పడుకున్న ముసలాణ్ణి మంటల్లోంచి లాగి ఆసుపత్రికి చేర్చింది కూడా వాడే. కాలిన కనుబొమ్మ ఇంకా మొలవలేదు.

ఈ కేసుకి ఆ మాట అర్థంతో పనిలేదని నివేదిత చెప్పింది. చిన్నవయసు మనిషి, చదివింది మనసుకి పట్టించుకున్న మనిషి. ముందస్తు బెయిలు అడుగుతున్నాం కాబట్టి మాట్లాడే హక్కు మీదే వాదిస్తానంది. రాజ్యాంగం మాట్లాడే హక్కిచ్చింది, ఇచ్చిన చేత్తోనే ఊరి శాంతి కోసం దానికో హద్దు గీసింది. ఆ హద్దు ఎక్కడన్నదే కోర్టు తేల్చే సంగతి. కోపంలో అన్న మాటంతా నేరం కాదు. మాటకీ మంటకీ మధ్య గడ్డికీ అగ్గిపుల్లకీ ఉన్నంత దగ్గర సంబంధం చూపించాలి. ఇక్కడ ఆ మాట విని ఎవరో వెళ్ళి నిప్పు పెట్టారన్న సాక్ష్యం పోలీసుల దగ్గర లేదు. కాబట్టి తగలబెట్టమనే అన్నారనుకున్నా సరే, మీరు గెలుస్తారని ధైర్యం చెప్పింది.

పంకజానికి అందులో ఒక్క మాటే చెవికి ఆనింది.

“అన్నారనుకున్నా సరే అంటావేంది తల్లీ? నేను అనలేదు గదా?”

నివేదిత ఓపిగ్గా మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. పంకజం తలూపింది. కానీ ఆ మాట చేపముల్లులా గొంతులో ఇరుక్కుని మెట్లు దిగేదాకా గుచ్చుతూనే ఉంది.

మర్నాడు మిల్లు తెరిచారు. షట్టరు ఎత్తగానే ఎదురుగా నల్లటి గుంజలు నాలుగు, మధ్యలో బూడిద. పంకజం అటు చూడకుండా వెనక వాకిలి తెరిచింది. వెనక గోడ మీద ఎప్పటిదో మసి మరక ఉంది. రెండుసార్లు సున్నం కొట్టించినా పోలేదు. ఆ గోడకి ఆనించిన గోనెసంచులు దులిపి లోపలికి తెచ్చింది.

అరవిందన్ బెల్టు తగిలించి మోటారు వేశాడు. పంకజం తొట్టిలో గోధుమలు పోసి, కింద గుడ్డగొట్టం మూతికి డబ్బా కట్టి, పిండి సరిగా దిగడానికి గొట్టాన్ని అరచేత్తో తట్టడం మొదలెట్టింది. మామూలుగా ఈ చప్పుడులో ఆమె అరిచి మాట్లాడుతుంది. నలుగురు ఆడవాళ్ళు నాలుగు ఊళ్ళ కబుర్లు మోసుకొస్తారు, పిండి కన్నా నవ్వులే ఎక్కువ రాలతాయి. ఆరోజు ఒకే ఒకావిడ వచ్చింది. పిండి వేడిగా ఉండగానే డబ్బా మూతపెట్టుకుని, మాటా పలుకూ లేకుండా పోయింది.

చుట్టాల గ్రూపు కూడా మూగపోయింది. ఆ గ్రూపులో ఎవరూ టైపు చెయ్యరు. విల్లియనూరు నుంచి కడలూరు దాకా ఉన్న తమవాళ్ళందరికీ ఇంట్లో తెలుగే, కానీ తెలుగు అక్షరం ఒక్కరికీ రాదు. అందుకే పెళ్ళి కబురైనా చావు కబురైనా గొంతుతోనే పంపుకుంటారు. తరాలుగా ఆ తెలుగు నోటినుంచి చెవికి పోయిందే గానీ కాగితం ఎక్కలేదు. ఎక్కిన మొదటి కాగితం పోలీసులదయింది. ఎవరు ఎవరికి పంపితే తన గొంతు చెంగల్రాయన్ చేతికి చేరిందో పంకజానికి తెలియలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందని అమ్మ ఊరికే అనలేదు.

మధ్యాహ్నం మిల్లు ఆపి, అరవిందన్ బండి వెనక కూర్చుని గోరిమేడు ఆసుపత్రికి వెళ్ళింది. ఇరుసప్పన్ అక్కడున్నాడు. నీళ్ళ పందిరి రోజుల్లో కుండలు నింపడానికి చెంగల్రాయన్ పెట్టిన ముసలివాడు. పందిరి పని అయిపోయాక పోవడానికి చోటులేక, పేకాట జనం పోయిన తర్వాత ఎవరికీ కనబడకుండా వచ్చి ఆ కొట్టాయిలోనే మూలన పడుకునేవాడు. పంకజం రోజూ పొద్దున్నే, అరవిందన్ లేవకముందే, అతనికి కాఫీ ఇచ్చేది. ఆ రాత్రి లేచి బయటికి పరిగెత్తకుండా, మంటల్ని చేతులతో ఆర్పబోయాడు. రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి.

అరవిందన్ వార్డు లోపలికి రాలేదు. మందుల వాసన పడదని మెట్ల దగ్గరే నిలబడిపోయాడు. పంకజం ఫ్లాస్కు పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళింది. కట్లు కట్టిన చేతులు రెండూ దుప్పటి మీద పరుచుకుని ఉన్నాయి. ఇరుసప్పన్ ఆమెను చూశాడు. మెల్లిగా మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

పంకజం నిలబడిపోయింది. తిట్టినా బాగుండేది. కాఫీ గ్లాసులో పోసింది, ఆ చేతులతో ఎలా పట్టుకుంటాడో తోచక మళ్ళీ ఫ్లాస్కులోనే వంపింది. నేను తీసెయ్యమనే అన్నాను, నిప్పు పెట్టమని అనలేదు అని తమిళంలో చెప్పింది. పక్క మంచాల వాళ్ళందరూ విన్నారు. ఇరుసప్పన్ గోడ వైపు తిరిగే అన్నాడు.

“కోర్టులో చెప్పమ్మా. వాళ్ళు ఏది రాస్తే అదే.”

ఆమెకి జైలు భయం అప్పటిదాకా ఉంది. ఆ మంచం దగ్గర అది ఎటో పోయింది. కోర్టు ఏం రాస్తుందన్నదే మిగిలింది. తాను నిప్పు పెట్టమనలేదని ఆ కాగితంలో రాయాలి. రాసినదాన్ని తెచ్చి ఈ ముసలివాడికి చదివి వినిపించాలి. ఇంటికెళ్ళే దారిలో ఆ సంగతే అరవిందన్‌కి చెప్పింది. అతను బండి నడుపుతూ ఊఁ అన్నాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

ముందస్తు బెయిలు విచారణకి మామూలుగా ఆమె రావాల్సిన పనిలేదు. కానీ గొంతు ఆమెదేనా, మాట ఏమిటీ అని తేలాలని జడ్జిగారు రమ్మన్నారు. తెలుగు చెప్పడానికి యానాం నుంచి ఒక రిటైరయిన మాస్టారిని కూడా పిలిపించారు. పుదుచ్చేరిలో యానాం ఒక్కటే తెలుగు ఊరు కదా, తెలుగు సందేహమొస్తే అక్కడివాళ్ళనే అడగాలని లెక్క. ఇక్కడ ఇన్ని తరాలుగా వంటింట్లో నలుగుతున్న తెలుగు ఎవరి లెక్కలోనూ లేదు.

పంకజం ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. అరవిందన్ బండి దగ్గరే ఉంటానన్నాడు. హాల్లో చెంగల్రాయన్ తెల్ల చొక్కాతో ముందు బెంచీలో కూర్చుని అందరికీ నమస్కారాలు పెడుతున్నాడు.

ముందు ప్రభుత్వ వకీలు లేచాడు. మాట్లాడే హక్కుని ఎవరూ కాదనడం లేదన్నాడు. కానీ ఇది ఫోనుల కాలం, ఇంట్లో కూర్చుని అన్న మాట నిమిషంలో ఊరంతా పాకుతుంది. ఒక ముసలివాడి చేతులు కాలిపోయాయి, ఆ ముసలివాడికీ హక్కులున్నాయి, ఊరికీ ఉన్నాయి. ఈరోజు ఈ మాటను చూసీచూడనట్టు వదిలేస్తే రేపు ప్రతి కోపానికీ ఒక కొట్టాయి కాలుతుందన్నాడు. ఆ మాటల్లో పంకజానికి తప్పేమీ కనబడలేదు. అవన్నీ నిజాలే, తనకి మాత్రం చెందవు.

తర్వాత ఫోనులోని ఆ మాట వినిపించారు. ఆమె గొంతు అంత పెద్ద హాల్లో గోడలకి తగిలి తిరిగొచ్చింది. యానాం మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు. మంచి మనిషిలాగే ఉన్నారు. మళ్ళీ ఒకసారి పెట్టమన్నారు. తర్వాత జాగ్రత్తగా చెప్పారు. మా వైపు తీసివేయి అంటాం, తీసెయ్ అంటాం. తీవెయ్ అనే మాట నేను ఎక్కడా వినలేదు, చదవలేదు. ఇది తెలుగు మాట కాదని ఖాయంగా చెప్పలేను గానీ, అవుననీ చెప్పలేను.

పంకజానికి చెంప మీద కొట్టినట్టయింది. అమ్మ అన్న మాట, అమ్మమ్మ అన్న మాట. ఉయ్యాల్లోంచి తనని ఎత్తినప్పుడు పక్కన దుప్పటి తీవెయ్ అని ఉంటారు. పాడె లేచాక అమ్మ మంచం తీవెయ్ అన్నది తానే. అది తెలుగు కాదట. మరి ఇన్నేళ్ళూ తమ ఇంట్లో మాట్లాడింది ఏమిటో ఈ పెద్దమనిషి చెప్పాలి. అరవాలనిపించింది. అరిస్తే చెంగల్రాయన్‌కి పండగ.

జడ్జిగారు కళ్ళద్దాల పైనుంచి చూసి, ఈ మాటకి తీసెయ్యమనే అర్థముందని చూపించడానికి ఏమైనా ఆధారముందా అని నివేదితను అడిగారు. నివేదిత తన వాదనకి మాట అర్థంతో అవసరం లేదని చెప్పబోయింది. పంకజం లేచి నిలబడింది. ఆమెకి హఠాత్తుగా గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో అని తనమీద తనకే కోపమొచ్చింది. ఇంట్లో అందరూ చెప్పుకుని చెప్పుకుని నవ్విన కథే, అరిగిపోయిన కథే. తీవెయ్ అన్న మాట తమిళ చెవికి నిప్పులా వినబడుతుందని చూపించడానికి అంతకన్నా ఏం కావాలి?

“సామీ, నేను చెప్పొచ్చునా?” అంది. మీ భాషలోనే చెప్పండి, మాస్టారు తమిళంలో చెబుతారు అన్నారు జడ్జిగారు.

“మా ఇంట్లోనే జరిగింది సామీ. మా తమ్ముడి కొడుకు, తమిళంలో పెరిగిన పిల్లోడు, రెండేండ్ల ముందర కొత్తగా మా మిల్లుకి వచ్చినాడు. వచ్చిన వారమే, మిల్లు వెనకాల చెత్త కుప్పగా పడుండాది, అది తీవెయ్‌రా అని చెప్పినా. వాడు నేరుగా పొయ్యి...”

మాస్టారు చెయ్యెత్తి, అంతవరకూ తమిళంలో చెప్పారు. హాలంతా వింటోంది. పంకజం తర్వాతి మాట కోసం నోరు తెరిచింది.

నేరుగా పోయి అగ్గిపెట్టె తెచ్చి దానికి నిప్పు పెట్టాడు. గోనెసంచులు అంటుకుని వీధంతా పొగ కమ్మింది. నువ్వేగా అత్తా నిప్పు పెట్టమన్నావు అని వాడు బిక్కమొహం వేస్తే, పొగలో దగ్గుతూ అందరూ నవ్వారు. వెనక గోడ మీద ఆ మసి.

ఆ మసి ఆమె కళ్ళ ముందుకి వచ్చి నిలబడింది. దాని వెనకే కాఫీ గ్లాసు వచ్చింది. తీసెయ్యడమేనా అత్తా అని అడిగిన గొంతు వచ్చింది. ఆ రాత్రి అందరికన్నా ముందు మంట దగ్గరున్నది వాడు. వార్డు మెట్ల దగ్గర ఆగిపోయింది వాడు. చుట్టాల గ్రూపులో వాడూ ఉన్నాడు. చెత్త విషయం నవ్వులాటలో తేలిపోయింది గానీ, ఆ మాటకి అర్థం ఇదిరా అని కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. కంచం తీవెయ్ అన్నప్పుడు చేతి సైగ చూసి తీసుంటాడు, మాట విని కాదు. అత్త ఏడ్చే పిల్లని చూసి చెప్పింది, ఇంక ఎవరికీ చెప్పేది లేదని చెప్పింది, వాడు పోయి చేసుకొచ్చాడు. అత్త మాట జవదాటని పిల్లోడు.

పంకజం బల్ల అంచు పట్టుకుంది.

“ఊఁ, వాడు?” అన్నారు మాస్టారు మెత్తగా.

ఆ ఒక్క వాక్యం చెబితే తన మాట తెలుగేనని తేలిపోతుంది. కోర్టు రాస్తుంది. ఇరుసప్పన్‌కి చదివి వినిపించవచ్చు. అదే వాక్యం వాణ్ణి బండి దగ్గరినుంచి నేరుగా స్టేషనుకి నడిపిస్తుంది. ముందు బెంచీలో చెంగల్రాయన్ మెడ ముందుకి చాచి వింటున్నాడు.

“వాడు తీసేసినాడు సామీ” అంది పంకజం. “అంతే. చెత్త తీసేసినాడు.”

మాస్టారు అది తమిళంలో చెప్పారు. దీంట్లో కొత్త ఏముందో ఎవరికీ అర్థం కాలేదు. ఎవరో నవ్వారు. నివేదిత ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

తర్వాత నివేదిత వాదన మొదలెట్టింది. బాగా వాదించిందని అందరూ అన్నారు. పంకజం చెవిలో ముక్కలు ముక్కలుగా పడింది. రోడ్డుకి అడ్డమైన కొట్టాయి మీద కోపం పౌరురాలి హక్కు. నిప్పు పెట్టమన్నదనే అనుకుందాం. ఆ మాటకీ ఆ మంటకీ ముడి ఎక్కడుంది? విన్నవాళ్ళలో ఒక్కరైనా లేచి వెళ్ళారా? ఒక్కరి పేరైనా చూపించగలరా? ఒక్కొక్క ప్రశ్నకీ పంకజం ఆపమని చెబుదామా అనుకుంది. తన తరఫు వకీలే తెలియకుండా ఒక్కొక్క తలుపూ తట్టుకుంటూ వాడి దగ్గరికి పోతోంది.

జడ్జిగారు అప్పుడే ఉత్తర్వు చెప్పారు. సమాజానికి శాంతి కావాలి, మనిషికి మాట కావాలి, ఒకదానికోసం ఇంకోదాన్ని చంపకూడదన్నారు. ఈమె తగలబెట్టమనే అన్నదనుకున్నా, అది సహనం చచ్చిన మనిషి కేక. ఆ కేక విని ఎవరో నిప్పు పెట్టారని చూపించలేకపోయారు. బెయిలు ఇస్తున్నాం. అయితే దర్యాప్తు ముగిసేదాకా ఈమె ఏ గ్రూపులోనూ గొంతు పంపకూడదు. టైపు చేసేవాళ్ళు టకటకా కొట్టుకుపోయారు. తగలబెట్టమనే అన్నదనుకున్నా. ఆ ముక్క కాగితం ఎక్కడం పంకజం కళ్ళారా చూసింది.

గెలిచామని నివేదిత వరండాలో ఆమెను కౌగలించుకుంది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. పంకజం ఆమె తల నిమిరి, బాగా చెప్పినావు తల్లీ అంది. అంతకుమించి ఏం చెప్పినా ఆ పిల్ల సంతోషం పాడవుతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఏ నోటి సంగతో, ఏ ఊరి సంగతో.

పంకజం మెట్లు దిగింది. గోడవారన బండి, బండి మీద కూర్చోకుండా పక్కన నిలబడ్డ అరవిందన్. ఎండలో మొహం నల్లగా కమిలిపోయింది. ఏమయిందని అడగలేదు. ఆమె మొహంలోకి చూసి, చూపు దించుకుని, తాళంచెవి వేళ్ళ మధ్య తిప్పాడు.

పంకజం అతని కాలిన కనుబొమ్మని వేలితో తాకింది. అతను కదల్లేదు.

“లోపల ముసలోడు పండుకోనుంటాడని తెలీదు అత్తా” అన్నాడు. అంత నేరుగా తెలుగులో అతను మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

ఎవరైనా విన్నారేమోనని పంకజం చుట్టూ చూసింది. లోపల అంత నిబ్బరంగా దాచిన మాట వాడు నడివీధిలో ఇలా కింద పెట్టేశాడు. వాణ్ణి కొట్టాలనిపించింది, ఒళ్ళో దాచుకోవాలనిపించింది. గోడ వైపు తిరిగిన ముసలి మొహం మళ్ళీ గుర్తొచ్చింది. కోర్టు రాసిన కాగితం ఆ మంచానికి పనికిరాదు. తన పేరు మీద ఒక మాట, దుప్పటి మీద రెండు చేతులు, ఎదురుగా ఈ పిల్లోడు. కోర్టులో ఎవరు అడిగినా తాను చెప్పదు. కానీ ఆ మంచం కోర్టు కాదు.

“జడ్జి ఏం చెప్పినాడు అత్తా?”

“మాట్లాడే హక్కు నాకుండాదంట.”

బండెక్కి చీర సర్దుకుని, అతని భుజం మీద చెయ్యి వేసింది. విల్లియనూరు దారి ఎడమ వైపు. అతను అటే తిప్పబోయాడు.

“ఇంటికి వద్దు. గోరిమేడు ఆసుపత్రికి పోనీ. నేను వాకిట్లో నిలబడతా. లోపలికి నువ్వు పో.”

అరవిందన్ ఎందుకని అడగలేదు, అంటే ఏంటత్తా అనీ అడగలేదు. ఆ తెలుగు వాడికి సరిగ్గానే అర్థమైంది. బండి కుడివైపుకి తిరిగింది.